ట్రక్కు బ్రేకులు మార్చిన దినము

2023వ సంవత్సరము వేసవి సెలవులలో నేను అమెరికా దేశమునకు పోయి వచ్చితినని మీలో చాలమందికి తెలియును. తిరిగి వచ్చినది మొదలు విద్యార్థులు నన్ను నయాగరా జలపాతమును గూర్చియు, న్యూయార్కు నగరమందలి మేడలను గూర్చియు అడుగుచునే యున్నారు. ఆ రెంటిలో దేనినిగాని నేను చూడలేదు. నేనున్న దినములన్నియు టెక్సాసు రాష్ట్రములో, డల్లాసు నగరమునకు ఉత్తరముననున్న ప్లేనో అను పట్టణమున, మా అన్నగారి యింటనే గడచినవి. అక్కడ చూచిన వానిలో మీకు చెప్పదగిన దేదియని ఆలోచింపగా, ఒక శనివారమునాడు ఆయన గ్యారేజీలో ట్రక్కు బ్రేకులు మార్చిన సంగతియే మాటిమాటికి మనస్సునకు వచ్చుచున్నది. ఇది పత్రికకు తగిన విషయమా యని నేనును కొంత సందేహించితిని. చదివిన పిమ్మట మీరే చెప్పవచ్చును.

మా అన్నగారు నాకంటె ఆరేండ్లు పెద్ద. పదవ తరగతితో బడి చాలించి, ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చిరి. మా వదినగారు నర్సు. ఆమె ఉద్యోగము మూలమున 2006లో వారు ఆ దేశమునకు పోయిరి. అన్నగా రచ్చట ఏ.సి. యంత్రములు బాగుచేయు పనిలో నున్నారు. మా తండ్రిగారికి చీరాల ప్రాంతమున ఒక చిన్న సైకిలు షాపు ఉండెను. అన్నగారు చిన్నతనము నుండియు ఆ షాపులోనే పెరిగిరి. నాకు మాత్రము పదునొకండవ యేట నుండి స్పానరు ముట్టు భాగ్యము లేకపోయెను. "వాడు చదువుకొనువాడు, వానిని చదువుకొననిండు" అని నాన్నగా రనుట నేను పలుమారులు వింటిని. విని లోలోపల కొంత గర్వపడితిని గూడ. ఆ గర్వముతోనే డిగ్రీ చదివి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరి, మీకు భౌతికశాస్త్రము చెప్పువాడ నైతిని.

పిక్అప్ ట్రక్కు అనగా ముందు మనుష్యులు కూర్చుండు గదియు, వెనుక మూతలేని తొట్టెయు గల వాహనము. మన యూళ్లలో కూరగాయలును పాలక్యానులును మోయునవి యిట్టి బండ్లే. టెక్సాసులోనైతే కుటుంబమంతయు దానియందే బజారునకు పోవును, పిల్లలను బడికి దింపును, ఆదివారము గుడికి పోవును. మా అన్నగారిది 2012వ సంవత్సరపు ఫోర్డు ఎఫ్-150. ఒకరు వాడి అమ్మగా కొనినది. నేను పోయిన వారములోనే అది బ్రేకు వేసినప్పుడెల్ల కీచుమని యరచుచుండెను. పెద్ద రోడ్డు మీద వేగముగా పోవుచు బ్రేకు వేసినచో స్టీరింగు చేతిలో వణకుచుండెను.

ఆ యరపు దానంతటదే వచ్చినది కాదు. ప్యాడు అరిగి పలుచబడినప్పుడు డిస్కును తగులునట్లు దానికి ఒక చిన్న యినుపరేకును అమర్చియుంతురు. రేకు తగిలి యరచుటయే "నన్ను మార్చుము" అని చెప్పుట. వణకు వేరొక సంగతి. డిస్కు ముఖము చుట్టును సమమైన మందము లేక, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ యైనప్పుడు ప్యాడ్లు దానిని ఒకమారు గట్టిగాను ఒకమారు వదులుగాను పట్టును. ఆ తేడా వెండ్రుకవాసి యైనను చేతికి తెలియును. డిస్కు వంగినదని లోకులందురు గాని, నిజముగా వంగుట అరుదనియు, మందము తేడాపడుటయే తరచనియు అన్నగారు చెప్పిరి. డిస్కును అక్కడివారు రోటరు అందురు.

ఒక వర్క్‌షాపులో అడుగగా ముందు రెండు చక్రములకే ఆరువందల డాలర్లకు పైగా నగునని చెప్పిరి. విడిభాగముల ధర అందులో మూడవవంతు గూడ లేదు. తక్కినదంతయు కూలి. మన దేశములో మెకానిక్కు కూలి తక్కువ, సామాను ప్రియము. అక్కడ దీనికి తలక్రిందులు. కావుననే డాక్టరులును ప్లీడర్లును గూడ శనివారమునాడు ఇంటి ముంగిట బండి క్రింద దూరి పనిచేయుట నేను కన్నులార చూచితిని. భాగము లమ్ము దుకాణమువారు కొంత సొమ్ము బయానాగా నుంచుకొని పనిముట్లను ఎరువిత్తురు. పని ముగించి తిరిగి యిచ్చినచో సొమ్మంతయు మరల చేతిలో పెట్టుదురు. ఇట్టి యేర్పాటు మన పట్టణములలో నుండిన ఐ.టి.ఐ. పిల్లలకు ఎంత మేలగును!

ఆ ఉదయము అన్నగారు బండిని గ్యారేజీలోనికి ముక్కువరకు తెచ్చి నిలిపిరి. అది పొడవైనది గనుక వెనుకభాగము వాకిటనే యుండెను. వాకిలి అక్కడ నుండి వీథివైపు వాలుగా దిగును. బండి గేరును నిలుపు స్థానములో నుంచి, చేతి బ్రేకు వేసి, అంతటితో తృప్తిపడక రెండు వెనుక చక్రముల కడ్డముగా రెండు కొయ్యదిమ్మెలను సుత్తితో కొట్టి దూర్చిరి. ఇవన్నియు ఎందులకని అడిగితిని. "జాకీ మీద నున్న బండిని నమ్మరాదు, గేరును నమ్మరాదు, చేతి బ్రేకును నమ్మరాదు. ఈ దిమ్మెలు పెట్టుటలో తొలిపని, తీయుటలో కడపటి పని" అని ఆయన చెప్పిరి.

చక్రము నేల మీద నుండగానే నట్లను కొంచెము వదులు చేయవలెను. పైకెత్తిన పిమ్మట చక్రమే తిరుగును గాని నట్టు తిరుగదు. ఒక్కొక్క చక్రమునకు ఆరు నట్లు. జాకీతో ఎత్తి, ఛాసిస్ క్రింద ఇనుప స్టాండ్లు నిలిపి, బండి బరువును వాని మీదికి దింపితిమి. విప్పిన చక్రమును గూడ బండి క్రిందనే పడుకొనబెట్టిరి. స్టాండు జారినను బండి మనిషి మీద పడక చక్రము మీద పడునట. నేను దీపము పట్టుకొని నిలుచుంటిని.

చక్రము తీయగానే డిస్కు బ్రేకు స్వరూపము స్పష్టముగా కనబడును. దానిని చూచిన క్షణమున, ఇది సైకిలు బ్రేకే గదా యనిపించినది. సైకిలునకు రెండు రబ్బరు ముక్కలు రిమ్మును పట్టి నిలుపును. ఇందు రెండు ప్యాడ్లు చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్లెమును ఇరుప్రక్కల పట్టి నిలుపును. ఆ పట్టు సాధనమును కాలిపర్ అందురు. ఈ డిస్కు బ్రేకునకు ఇంగ్లాండులో లాంచెస్టరు అను ఇంజనీరు 1902లోనే పేటెంటు పొందెను. అయినను లోకము దానిని పట్టించుకొనుటకు ఏబది యేండ్ల కాలమంతయు కావలసివచ్చెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ అనుచోట జరిగిన ఇరువదినాలుగు గంటల పందెములో జాగ్వారు కారు ఇట్టి బ్రేకులతోనే గెలిచెను. ప్యాడు అను వస్తువునకు మూలము మరియు పాతది. 1888లో బెర్తా బెంజ్ అను జర్మను స్త్రీ తన భర్త చేసిన మోటారు బండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు పోయినది. త్రోవలో కొయ్య బ్రేకు దిమ్మెలు అరిగిపోగా, ఆమె ఒక చెప్పులు కుట్టువానిని పిలిచి వానిపై తోలు కొట్టించినదట. మోటారు బండి బ్రేకునకు మొదటి తొడుగు వేసినవాడు ఒక చర్మకారుడు. ఆ మాట చెప్పగా అన్నగారు పని ఆపి, "ఇది నాన్న వినియుండిన ఎంత సంతోషించియుండునో" అనిరి.

కాలిపర్ వెనుక రెండు బోల్టులు తీయగా అది వచ్చెను. దానికొక రబ్బరు గొట్టము తగిలియుండును. దానిని గొట్టము మీద వ్రేలాడనీయరాదు, లోపల చీలును. అన్నగారు దానిని ఒక తీగతో స్ప్రింగునకు కట్టిరి. పాత ప్యాడ్లలో మూడు మిల్లీమీటర్ల మందమైనను లేదు. కాలిపరును మోయు బ్రాకెట్టు బోల్టులు మాత్రము మమ్ములను అరగంట యేడిపించినవి. రెంచికి పొడవైన గొట్టము తొడిగి ఇద్దరము కలిసి లాగినగాని అవి కదలలేదు. డిస్కును హబ్బునకు తుప్పు అతికించియుండెను. రబ్బరు సుత్తితో చుట్టును కొట్టగా కొట్టగా టప్పుమని యూడినది. పది కిలోలకు పైగా బరువుండును. దాని రెండు ముఖముల నడుమ ఖాళీయు, ఆ ఖాళీలో రేకలును కలవు. తిరుగునప్పుడు గాలి వానిగుండ ప్రవహించి వేడిని తీసికొనిపోవును.

ఈ వేడి యెంతయో నేను ఆ గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో లెక్కించితిని. రెండువేల మూడువందల కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా దాని గతిశక్తి సుమారు తొమ్మిది లక్షల జౌళ్లు. బ్రేకు వేసి బండిని నిలిపినచో ఇంచుమించు ఆ శక్తియంతయు వేడియై ఈ పళ్లెములలోనే చేరవలెను. అంత వేడితో ముప్పది డిగ్రీల నీటిని మూడు లీటర్లు మరిగింపవచ్చును. ఒక్క నిలుపుడుకు మూడు లీటర్లు! "పాఠము తరువాత, ఆ బ్రష్షు ఇటు తెమ్ము" అని అన్నగారు నవ్విరి.

తీగ బ్రష్షుతో హబ్బు మీది తుప్పంతయు గీకి తీయు పని నాకు ఇచ్చిరి. అక్కడ ఒక తుప్పుపెళ్ల మిగిలినను క్రొత్త డిస్కు వంకరగా కూర్చుండి మరల వణకు పుట్టునట. ప్యాడ్ల పొడిని నోటితో ఊదవద్దని చెప్పిరి. పూర్వపు ప్యాడ్లలో ఆస్బెస్టాసు ఉండెడిది, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. ఇప్పటివానిలో లేదని అట్టపెట్టె మీద నున్నను, మందుతో తడిపి తుడుచుటయే మంచిది. క్రొత్త డిస్కులకు తుప్పు పట్టకుండ నూనె పూసి పంపుదురు. దానిని గూడ కడిగి, ముఖము మీద వ్రేలు పెట్టకుండ తొడిగితిమి. కాలిపర్ జారు పిన్నులను తుడిచి క్రొత్త గ్రీజు రాచితిమి. ఒక పిన్ను ఎండి పట్టియుండెను. ఒకవైపు ప్యాడు ఎక్కువ అరుగుటకు అదియే కారణము.

ఇక్కడ ఒక సంగతి శ్రద్ధగా చదువుడు. ప్యాడు అరుగుచున్న కొలదియు కాలిపరులోని పిస్టను ముందునకు వచ్చుచుండును. క్రొత్త ప్యాడ్లు మందమైనవి గనుక పిస్టనును వెనుకకు నెట్టినగాని అవి పట్టవు. ఈ బండికి ముందు కాలిపర్ ఒక్కొక్కదానిలో రెండు పిస్టన్లు. పాత ప్యాడును అడ్డము పెట్టి, ఎరువు తెచ్చిన క్లాంపును మెల్లమెల్లగా బిగించుచు వానిని లోపలికి నెట్టితిమి. నెట్టిన కొలది బ్రేకు ఆయిలు తిరిగి పైనున్న డబ్బాలోనికి పోవును. మూత తీసి, అది పొంగి రంగు మీద పడకుండ నేను చూచుచుంటిని. ఆ ఆయిలు రంగును తినివేయును.

ఇరువదేండ్లకు పైగా నేను పాస్కల్ నియమమును బోధించుచున్నాను. 1623లో పుట్టి 1662లో గతించిన ఆ ఫ్రెంచి పండితుని పేరును, మూసిన పాత్రలోని ద్రవము మీద కలుగజేసిన పీడనము అన్నివైపులకు సమముగా ప్రసరించునను మాటను మీచే వల్లె వేయించితిని. చిన్న పిస్టను మీది కొద్ది బలము పెద్ద పిస్టను మీద అనేకరెట్లగునని బొమ్మ వేసి చూపితిని. బొమ్మ సరియైనదే, గాని సగము బొమ్మ. బలము పెరిగిన మేరకు దూరము తగ్గునను రెండవ సగమును నేనెప్పుడును పరీక్షలో అడుగలేదు. చిన్న పిస్టను ఒక అంగుళము కదలినను పెద్ద పిస్టను ఎంతో కొంచెమే కదలును. ఆ గ్యారేజీలో మేము పెద్ద పిస్టన్లను బాగుగా వెనుకకు నెట్టియుంటిమి. పెడలును ఒకమారు త్రొక్కినంతమాత్రమున వచ్చు ఆయిలు వానిని మరల ప్యాడ్ల దాక తేజాలదు. ఇది నాకు తెలిసియుండవలసినది. క్లాంపు త్రిప్పినవాడను నేనే.

రెండు ప్రక్కల పని ముగిసినది. చక్రములు తగిలించి, బండిని నేలకు దింపి, నట్లను ఎదురెదురు వరుసలో బిగించితిమి. మధ్యాహ్నమైనది. ఎండ మన గుంటూరు ఎండకు తీసిపోదు. ఇంటిలో ఫోను మ్రోగగా అన్నగారు చేతులు తుడుచుకొనుచు లోనికి పోయిరి. గ్యారేజీ నిండ తుప్పుపొడియు, కాగితములును పడియుండెను. ఆయన వచ్చునంతలో బండిని నాలుగడుగులు వెనుకకు తీసి ఊడ్చియుంచుదమని నాకు బుద్ధి పుట్టినది. మన దేశములో కారు నడపు అలవాటు నాకు కలదు. లోపలికి ఎక్కి చేతి బ్రేకు విడిచి, ఇంజను స్టార్టు చేసి బ్రేకు పెడలు త్రొక్కితిని. అది మెత్తగా అడుగువరకు పోయినది. క్రొత్త బ్రేకులు గదా, ఇట్లే యుండును గాబోలు అనుకొంటిని. ఇంతటి మూఢత్వము ఎట్లు వచ్చినదో ఇప్పటికిని నాకు తెలియదు. వెనుక గేరు వేసి పాదము వదలితిని.

రెండు టన్నులకు పైబడిన బండి వెనుకకు కదలెను. అద్దములో చూచితిని. వాకిలి కొసన, వీథి దగ్గర, మా అన్నగారి మనుమరాలు నేల మీద కూర్చుండి రంగుసుద్దలతో బొమ్మ వేయుచుండెను. దాని కారవ యేడు. ఎప్పుడు వచ్చెనో నేను చూడలేదు. పెడలు త్రొక్కితిని. మరల మెత్తగా దిగినది. అంతలో ధనమని ఒక కుదుపు తగిలి బండి నిలిచెను. వెనుక చక్రములు కొయ్యదిమ్మెల కానుకొనినవి. అన్నగారు వానిని తీయలేదు. నేను వానిని మరచితిని. మూడవమారు త్రొక్కగా పెడలు కాలికి ఎదురు నిలిచినది.

ఆ బిడ్డ తల యెత్తి చూడనైన లేదు. దానికిని దిమ్మెకును నడుమ నాలుగైదు గజములు మాత్రమే.

ఇంజను శబ్దము విని అన్నగారు పరుగున వచ్చిరి. చూచి యొక్క మాటయు పలుకక, ముందు పోయి బిడ్డ నెత్తుకొని లోపల విడిచి వచ్చిరి. తరువాత నన్ను దింపి, తామే యెక్కి ఇంజను ఆపి, పెడలును పది పండ్రెండుమారులు మెల్లగా త్రొక్కి, అది గట్టిపడిన పిమ్మట దిగిరి. ఆయిలు డబ్బా మూత తీసి మట్టము చూచిరి. నేను గోడ నానుకొని నిలుచుంటిని, కాళ్లు నిలువలేదు. "ఒరే తమ్ముడూ, కదలించుటకు ముందు పెడలు కొట్టుకొనవలెనని చెప్పక లోనికి పోయినది నేను. తప్పు నాది" అని ఆయన అనిరి.

ఆ మాట వినగానే ముప్పదినాలు గేండ్ల నాటి మాట చెవిలో మ్రోగినది. ఇంతవరకు ఎవరికిని చెప్పని సంగతి ఇచట వ్రాయుచున్నాను.

1989లో నాకు పదునొకండేండ్లు. ఒక మధ్యాహ్నము నాన్నగారు సామానుకై పోయియుండిరి, అన్న భోజనమునకు పోయెను. షాపులో నేనొక్కడనే. ఒక నేతపనివాడు నూలు కట్టలు కట్టిన సైకిలుతో వచ్చి ముందు బ్రేకు రబ్బర్లు మార్చుమని తొందరపెట్టెను. నేను మార్చితిని. రబ్బరు కూర్చుండు ఇనుప తొడుగునకు ఒక కొస తెరచియుండును, ఒక కొస మూసియుండును. మూసిన కొస చక్రము తిరుగు వైపునకు ఉండవలెను. లేనిచో బ్రేకు వేసినప్పుడు చక్రము రబ్బరును బయటికి లాగివేయును. నేను తలక్రిందుగా బిగించితిని. అతడు కాలువ వంతెన వాలులో దిగుచు బ్రేకు వేసెను. రబ్బర్లు జారి పడిపోయినవి, అతడును పడెను. కుడిచేయి మణికట్టు విరిగెను. సాయంకాలము నాన్నగారు సైకిలును షాపునకు తెచ్చి, "ఇది యెవరి పని?" అని అడిగిరి. నేను నోరు విప్పలేదు. అన్న "నాదే" అనెను. ఆ రాత్రి అన్నకు తగిలిన దెబ్బలు నాకు తెలియును. తరువాత మే మిద్దరము ఆ మాట యెన్నడు నెత్తలేదు.

"అన్నయ్యా, ఇది రెండవసారి" అంటిని. ఆయనకు వెంటనే తెలిసినది. దిమ్మె మీద కూర్చుండి చాలసేపు ఊరకుండిరి.

"నాన్నకు తెలియును" అనిరి.

నేను నమ్మలేదు. "ఆ నట్టు విప్పినప్పుడే తెలిసెను. అది వ్రేళ్లతోనే వచ్చెను. ఆరేండ్లుగా నేను బిగించిన నట్టు ఆయన యెరుగడా?"

"తెలిసి నిన్నేల కొట్టెను?"

"అబద్ధమాడినందుకు. అట్లనియే కొట్టెను. మరునాడు నన్ను పిలిచి, ఇకమీదట స్పానరు వాని చేతికీయకుము, వాడు చదువుకొనువాడు, చదువుకొననిమ్ము అని చెప్పెను."

వాడు చదువుకొనువాడు! ఆ మాటను నేను ఇన్నేండ్లు ఏ విధముగా దాచుకొంటినో మీకు పైననే చెప్పితిని. ఆ దినములలో నాన్నగారు ప్రతి శనివారము సాయంకాలము చిన్న బియ్యపు మూట సైకిలునకు కట్టుకొని కాలువ అవతలికి పోవుచుండుటయు అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. మగ్గము ఆగిన యింటికి ఆ మూట పోయెడిదని అన్నగారు చెప్పగా నా కిప్పుడు తెలిసినది. ఎన్ని వారములు పోయెనో ఆయనకును జ్ఞాపకము లేదు. నాన్నగారు 2011లో కాలము చేసిరి. వారిని అడుగుటకు వీలులేదు. ఆ నేతపనివాని పేరును నాకు తెలియదు.

"నన్ను బడికి పంపినది అందుకేనా?" అని అడిగితిని.

"ఆయన మనస్సులో నేమున్నదో నాకేమి తెలియును? ఫీజు కట్టుటకు మాత్రము నన్ను అధికముగా పని చేయించెను" అని ఆయన లేచిరి. అందులో నిష్ఠురమున్నదో లేదో ఇప్పటికిని నేను తేల్చుకొనజాలకున్నాను.

అన్నగారు బిగింపును కొలుచు రెంచిని తెచ్చి నా చేతికిచ్చి, "పండ్రెండు నట్లును మరల చూడు" అనిరి. అది సరియైన బిగింపునకు వచ్చినప్పుడు టిక్కుమనును. రెండు చక్రములకును పండ్రెండు టిక్కులు లెక్కపెట్టితిని. ఆయన ప్రక్కన నిలుచుండి చూచిరి గాని, నేను బిగించినదానిని మరల తామును బిగించి చూడలేదు.

క్రొత్త ప్యాడ్లు క్రొత్త డిస్కులతో కలియుటకు కొంత సాధన కావలెను. గంటకు ముప్పది మైళ్ల వేగమునకు పోయి, పూర్తిగా ఆగకుండ మెల్లగా బ్రేకు వేసి తగ్గించుట, మరల పోవుట, ఇట్లు పదిమారులు. పిమ్మట బ్రేకు ముట్టకుండ కొంతదూరము పోయి వానిని చల్లారనీయవలెను. ఆ సాయంకాలము ఎవరును లేని వీథులకై ఇద్దరమును బయలుదేరితిమి. అన్నగారు కొయ్యదిమ్మెలను తీసి వెనుక తొట్టెలో వేసిరి. స్టీరింగు ముందు కూర్చుండి, వెనుకకు తిరిగి వాకిలి కొసవరకు చూచిరి. సుద్దబొమ్మ యొకటి అక్కడ నుండెను, బిడ్డ లేదు. పెడలును రెండుమారులు త్రొక్కి చూచి, "గట్టిగానే యున్నది, నీవును కాలు పెట్టి చూడుము" అని నన్ను వంగి త్రొక్కనిచ్చి, తరువాత గేరు వేసిరి.